బార్కింగ్‌సైడ్ పచ్చికలో ఆ ముగ్గురు కంచు పిల్లలు ఎవరికైనా గుర్తున్నారా?

వాణి_బార్కింగ్‌సైడ్

లండన్ తూర్పు శివార్లలో ఇల్ఫర్డ్, బార్కింగ్‌సైడ్ వైపు పెరిగినవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? రెండు వారాలుగా ఒక విషయం మనసులో నలుగుతోంది.

మా నాన్నకు డాక్టరు ఉద్యోగం వచ్చి 1976లో మేం ఇక్కడికి వచ్చాం. నాకు అయిదేళ్ళు, అన్నయ్యకు ఎనిమిది. పక్కింట్లో ఒక పెద్దావిడ ఒక్కతే ఉండేది, అప్పటికే డెబ్భై దాటాయి. మా అమ్మకు ఇంగ్లీషు అంతంతమాత్రం, ఆవిడకు తెలుగు బొత్తిగా రాదు. అయినా ఇద్దరూ గోడకు అటొకరు ఇటొకరు నిలబడి పొయ్యి మీద కూర మాడేదాకా మాట్లాడుకునేవాళ్ళు. ఆవిడ చిన్నప్పుడు డాక్టర్ బర్నార్డో దిక్కులేని పిల్లల కోసం పెట్టిన ఆడపిల్లల గ్రామంలో పెరిగింది. సెప్టెంబరు చివర్లో, చెట్ల కింద కాంకర్లు, అంటే ఇక్కడి పిల్లలు ఏరుకుని ఆడుకునే నున్నటి గోధుమరంగు గింజలు, రాలే రోజుల్లో, మమ్మల్నిద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని అక్కడికి తీసుకెళ్ళేది.

పచ్చిక చుట్టూ చిన్న చిన్న ఇళ్ళు. కెయిర్న్స్ హౌస్ ముందు ఆ స్మారకం. పైన పిల్లల్ని పొదువుకున్న ఒక తల్లి. దాని కింద గుండ్రటి పలకలో బర్నార్డో ముఖం. అన్నిటికంటే కింద, పక్కపక్కనే కూర్చున్న ముగ్గురు ఆడపిల్లలు. వాళ్ళ ముఖాలు సరిగ్గా నా ఎత్తుకు వచ్చేవి. ఎడమవైపు పిల్ల నాకు స్నేహితురాలు. దాని మోకాలి మీద చెయ్యి వేస్తే జిల్లుమనేది. నా జేబులో ఉన్నవాటిలో బాగా నున్నగా మెరిసే కాంకర్ ఏరి దాని పక్కన పెట్టి వచ్చేదాన్ని. మళ్ళీ ఏడాది వెళ్తే అది ఉండేది కాదు, కాబట్టి తీసుకుందనే నా నమ్మకం.

మొన్న ఈ సంగతి మా అమ్మాయికి చెప్తుంటే మధ్యలోనే ఆపేసింది. దానికి పధ్నాలుగేళ్ళు. "అమ్మా, ఆయన వేలమంది పిల్లల్ని ఓడ ఎక్కించి కెనడా పంపించేశాడని నీకు తెలుసా?" అంది. స్కూల్లో చెప్పారట. నాకు నోట మాట రాలేదు.

నాకు కావలసినవి రెండు. ఆ ముగ్గురు పిల్లలు ఎవరు? ఆ మనిషి గురించి నేనేమనుకోవాలి? మా అన్నయ్య అయితే నా కాంకర్ పిల్ల ఎడమవైపు కాదు, కుడివైపు అంటున్నాడు. అది మూడో గొడవ.

సీతాఫలం

బార్కింగ్‌సైడ్ స్టేషన్‌లో దిగి నడిస్తే వస్తుంది, టానర్స్ లేన్ దగ్గర. అయిదేళ్ళు ఆ దారినే ఆఫీసుకు పోయాను, ఒక్కసారి కూడా లోపలికి తొంగి చూడలేదు. ఇప్పుడు బాధగా ఉంది.

తూర్పు_లండన్_శీను

వాణి గారూ, నాకు ఆదివారాలు ఈస్ట్ ఎండ్, అదే తూర్పు లండన్ పాత పేటల వీధులు పట్టుకు తిరిగే పిచ్చి ఉంది కాబట్టి తెలిసింది చెప్తాను.

ఆ స్మారకం 1908లో పెట్టారు. చేసిన శిల్పి జార్జ్ ఫ్రాంప్టన్. కెన్సింగ్టన్ గార్డెన్స్‌లో పిల్లలందరూ ఎగబడి ఎక్కే పీటర్ పాన్ బొమ్మ కూడా ఆయనదే, అది తర్వాత 1912లో వచ్చింది. అంటే మీ స్నేహితురాలు పీటర్ పాన్‌కి అక్క అవుతుంది. బర్నార్డో 1905 సెప్టెంబరు 19న పోయాడు. అస్థికలు ఆ పచ్చికలోనే ఉంచారు. మీరు కాంకర్ పెట్టి వచ్చింది విగ్రహానికే కాదు, సమాధికి కూడా.

ఆయన పుట్టింది డబ్లిన్‌లో, 1845లో. చైనా వెళ్ళి మతప్రచారం చేద్దామని, దానికి వైద్యం నేర్చుకుందామని 1866లో లండన్ వచ్చాడు. అదే ఏడాది ఈస్ట్ ఎండ్‌ని కలరా ఊడ్చేసింది. ఇళ్ళకు ఇళ్ళే ఖాళీ అయ్యాయి, అమ్మా నాన్నా పోయిన పిల్లలు వీధిన పడ్డారు. చైనా ప్రయాణం అక్కడే ఆగిపోయింది. ముందు పేద పిల్లలకు బడి పెట్టాడు. 1870లో స్టెప్నీ కాజ్‌వేలో మగపిల్లల కోసం మొదటి ఆశ్రమం తెరిచాడు.

అక్కడ జరిగిన ఒక సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆశ్రమం నిండిపోయిందని జాన్ సోమర్స్ అనే పదకొండేళ్ళ పిల్లాణ్ణి తిప్పి పంపారు. ఎర్రజుట్టు ఉండేదని వాణ్ణి అందరూ క్యారట్స్ అనేవాళ్ళట. తర్వాత కొద్ది రోజులకే చలికి, ఆకలికి చచ్చి పడి ఉన్నాడు. ఆ తర్వాత తలుపు మీద బోర్డు మారింది: దిక్కులేని ఏ బిడ్డనూ తిప్పి పంపేది లేదు.

చలిపులి

శీను గారి పోస్టు ఆఫీసులో చదివాను. పక్క సీటు ఆయన కళ్ళు ఎందుకలా ఎర్రగా ఉన్నాయని అడిగాడు. ఉల్లిపాయలు అని చెప్పే వీల్లేదు, ముందున్నది కంప్యూటరు.

నల్లపలక

క్యారట్స్ కథకు ఎవరి గుండె అయినా కరుగుతుంది, నాదీ కరిగింది. కానీ వాణి గారి అమ్మాయి అడిగిన ప్రశ్న అలాగే ఉండిపోయింది. నేను ఇక్కడ సెకండరీ స్కూల్లో చరిత్ర చెప్తాను, ఈ పాఠం ప్రతి ఏడాదీ చెప్తాను.

1882 నుంచి బర్నార్డో సంస్థ పిల్లల్ని గుంపులు గుంపులుగా కెనడా పంపింది. ఆయన పోయాక కూడా అది ఆగలేదు. ఆ ఒక్క సంస్థ నుంచే వెళ్ళినవాళ్ళు దాదాపు 30,000 మంది. అన్ని సంస్థలవీ కలిపితే లక్ష దాటుతుంది. వీళ్ళలో చాలామంది అనాథలు కూడా కాదు. తల్లో తండ్రో బతికే ఉన్నారు, పూట గడవక ఆశ్రమంలో వదిలినవాళ్ళు. పరిస్థితి కాస్త కుదుటపడ్డాక వచ్చి అడిగితే "మీ వాడు కెనడాలో ఉన్నాడు" అంటే ఆ తల్లికి ఎలా ఉంటుంది?

ఊరికే అనడం లేదు. 1889 నుంచి ఈ గొడవలు కోర్టుల దాకా వెళ్ళాయి. హ్యారీ గోసేజ్ అనే పిల్లాణ్ణి తల్లి అడిగేసరికే దేశం దాటించేశారు. ఆ కేసు అప్పట్లో ఇక్కడి అత్యున్నత కోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా పోయింది. తల్లిదండ్రుల చేతుల్లోంచి పిల్లల్ని తీసుకురావడాన్ని బర్నార్డోయే పరోపకారం కోసం చేసిన అపహరణ అని చెప్పుకున్నాడు. ఆ మాట ఆయనకు తప్పుగా కాదు, గొప్పగా అనిపించింది. నా అభ్యంతరం అక్కడే.

తూర్పు_లండన్_శీను

నల్లపలక గారూ, ఒప్పుకుంటాను. కానీ ఆ తల్లిదండ్రుల్లో పిల్లల్ని చితకబాదినవాళ్ళు, అడుక్కురమ్మని వీధిలోకి తోసినవాళ్ళు కూడా ఉన్నారు. పిల్లను కొట్టే తండ్రి దగ్గర్నుంచి తీసుకెళ్ళే చట్టమే అప్పటికి సరిగ్గా లేదు. ఆయన చట్టం కంటే ముందు నడిచాడు.

నల్లపలక

కొట్టే తండ్రి దగ్గర్నుంచి తీసుకెళ్తే నేనూ చప్పట్లు కొడతాను. కడుపు నిండా తిండి పెట్టలేకపోవడం ఒక్కటే తప్పయిన తల్లి దగ్గర్నుంచి తీసుకెళ్ళడం వేరు. ఆయన ఈ రెంటినీ ఒకే గాటన కట్టాడు. బిడ్డ మంచి వేరు, తల్లి హక్కు వేరు అనుకున్నాడు. అవి రెండూ వేరు కాదు.

గోరింట

ఫోటోల సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఆశ్రమంలో చేరకముందు, చేరిన తర్వాత అని రెండు ఫోటోలు పక్కపక్కన వేసి కార్డులు అమ్మేవాళ్ళు. మొదటిదాంట్లో చింపిరి బట్టలు, చింపిరి జుట్టు. రెండోదాంట్లో చేతిలో చీపురో కుంచో పట్టుకుని శుభ్రంగా. కొన్ని ఫోటోల కోసం బట్టలు కావాలనే ఇంకా చింపారని 1877లో విచారణ జరిగింది. చాలా ఆరోపణలు నిలవలేదు కానీ ఫోటోల విషయంలో మాత్రం ఆయనకు గట్టిగానే అక్షింతలు పడ్డాయి.

చలిపులి

ఇంకోటి. ఆయన పరీక్ష పాసై డాక్టరు అయ్యింది 1876లో. అంతకుముందే పేరు ముందు డాక్టర్ అని పెట్టేసుకున్నాడు. మా అమ్మ కూడా నేను మెడిసిన్ సీటుకి అప్లికేషన్ పెట్టిన రోజునే వీధంతా నన్ను డాక్టరు చేసేసింది.

ఒంటారియో_మావయ్య

నాకు తెలిసిన ఒక మనిషి గురించి చెప్తాను. కాస్త పెద్దదవుతుంది.

నేను కెనడాలో పీటర్‌బరో దగ్గర్లో ఉంటాను. బర్నార్డో వాళ్ళు ఇంగ్లండు నుంచి తెచ్చిన ఆడపిల్లల్ని దించిన ఇల్లు ఈ ఊళ్ళోనే ఉండేది, హేజెల్‌బ్రే అనేవాళ్ళు. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో మా వీధిలో ఒక ముసలాయన మంచు తియ్యడానికి సాయం వచ్చేవాడు. పరిచయం పెరిగాక ఒకరోజు గరాజ్‌లోకి తీసుకెళ్ళి ఒక ట్రంకు పెట్టె చూపించాడు. వాళ్ళమ్మ ఆ పెట్టెతోనే ఓడ దిగిందట, తొమ్మిదేళ్ళప్పుడు. ఇంగ్లండు నుంచి వచ్చిన ప్రతి పిల్లకూ అలాంటి పెట్టె ఒకటి ఇచ్చి పంపేవాళ్ళు. మూత లోపల అంటించిన కాగితం పసుపు పచ్చగా మారి అంచులు రాలిపోయి ఉంది. లోపల ఏమీ లేదు. అయినా ఆయన తెరిచేటప్పుడు రెండు చేతులతో, నిద్రపోతున్న పిల్ల మీద దుప్పటి తీసినట్టు తీశాడు.

వాళ్ళమ్మను ఒక పొలం ఇంటికి పనికి పంపారు. పాలు పితకడం, వంట, వాళ్ళ పిల్లల్ని ఎత్తుకోవడం. కాగితం మీద బడికి పంపాలని ఉంది. చలికాలంలో మాత్రమే పంపారు, అదీ పని లేని రోజుల్లో. ఆవిడ తన పిల్లలెవరికీ ఈ సంగతి చెప్పలేదు. ఇంగ్లండులో పుట్టాను అని మాత్రం అనేదట. పోయాక పెట్టె దొరికితే అప్పుడు తెలిసింది. ఆ రోజుల్లో ఆశ్రమం పిల్ల అంటే ఇక్కడ చులకన, నేరస్థుల సంతానం అన్నట్టు చూసేవాళ్ళు. అందుకే నోరు మూసుకుని బతికారు.

బ్రిటన్ ప్రభుత్వం 2010 ఫిబ్రవరిలో క్షమాపణ చెప్పింది, ప్రధాని గోర్డన్ బ్రౌన్ పార్లమెంటులో చదివాడు. అంతకుముందు నవంబరులో ఆస్ట్రేలియా చెప్పింది, వాళ్ళ దేశానికి పంపిన పిల్లలకు. ముసలాయన బ్రౌన్ ప్రసంగం టీవీలో చూశాడు. చూసి లేచి వెళ్ళి పెట్టె మీద దుమ్ము తుడిచాడట. నాతో అంతే చెప్పాడు.

ఇప్పుడు ఇక్కడ సెప్టెంబరు 28న ఆ పిల్లల పేరిట దినం జరుపుతారు. వాణమ్మా, మీ అమ్మాయి అడిగింది సరైన ప్రశ్న. కానీ నీ కాంకర్లు తప్పు కావు.

సీతాఫలం

మావయ్య గారూ 🙏

వాణి_బార్కింగ్‌సైడ్

ఒంటారియో మావయ్య గారి పోస్టు మా అమ్మాయికి చదివి వినిపించాను, దానికి తెలుగు అర్థమవుతుంది కానీ చదవడం రాదు. పెట్టె దగ్గరికి వచ్చేసరికి నా గొంతు పట్టేసింది. అది ఫోన్ లాక్కుని అనువాదం పెట్టుకుని మిగతాది తనే చదువుకుంది.

పక్కింటి పెద్దావిడ సంగతి ఇంకొంచెం చెప్తాను, ఆవిడ గుర్తొస్తోంది. ఆ గ్రామంలో ఒక్కో ఇంటికి ఒక తల్లి ఉండేదట, నిజం తల్లి కాదు, ఆ ఇంటిని చూసుకునే ఆవిడ. పిల్లలందరూ ఆవిడను అమ్మా అనాలి. ఇళ్ళలో కొన్నిటికి పూల పేర్లు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకు జడలు వెయ్యాలి. వయసు వచ్చిన పిల్లలకు లాండ్రీలో పని నేర్పేవాళ్ళు, ఎవరింట్లోనైనా పనికి కుదురుతారని.

మా నాన్న చొక్కాలు ఆవిడే ఇస్త్రీ చేసేది. అమ్మ వద్దంటే వినేది కాదు. వేళ్ళు నీళ్ళలో ముంచి చొక్కా మీద చిలకరించి, చుట్టి పక్కన పెట్టి, టీ తాగి వచ్చి అప్పుడు మొదలుపెట్టేది. ముందు కాలర్, వెనకవైపు నుంచి. తర్వాత భుజాలు, తర్వాత చేతులు, అన్నిటికీ చివర వీపు. ఒక్క ముడత ఉండేది కాదు. అరవై ఏళ్ళ కిందట నేర్పిన వరస. "బాగా నేర్పారు" అని అమ్మ అంటే, "కొట్టి నేర్పారు" అనేది. అని నవ్వేది. మళ్ళీ ఆ పచ్చిక దగ్గరికి వెళ్తే మాత్రం గుడికి వెళ్ళినట్టు కోటు గుండీలన్నీ పెట్టుకుని, టోపీ సర్దుకుని నడిచేది.

ఈ రెండూ ఒక మనిషిలో ఎలా ఇమిడాయో చిన్నప్పుడు నేను ఆలోచించలేదు.

తూర్పు_లండన్_శీను

ఆ ఇళ్ళ వెనక ఒక కథ ఉంది. బర్నార్డోకి 1873లో పెళ్ళయింది. బార్కింగ్‌సైడ్‌లో మాస్‌ఫర్డ్ లాడ్జ్ అనే ఇల్లు వాళ్ళకు పెళ్ళి కానుకగా లీజుకు వచ్చింది. దాని వెనక బళ్ళు పెట్టే కొట్టాన్ని బాగుచేసి ఆడపిల్లలందర్నీ ఒకేచోట పడుకోబెట్టారు. అది కుదరలేదు. అందర్నీ ఒక హాల్లో పడేస్తే పిల్లలు పెరగరు, ఇల్లు కావాలి అని ఆయనకు తట్టింది. 1876లో పచ్చిక చుట్టూ ఇళ్ళతో గ్రామం మొదలైంది, పెరిగి పెరిగి వెయ్యికి పైగా ఆడపిల్లలు ఉండే స్థాయికి వచ్చింది. ఆ రోజుల్లో ఆశ్రమం అంటే జైలు లాంటి పెద్ద భవనం. ఇల్లు, తల్లి, కొద్దిమంది పిల్లలు అనే ఆలోచనే కొత్త.

నల్లపలక

మంచి ఆలోచన, ఒప్పుకుంటాను. ఆ ఇంటి తల్లి మంచిదైతే అదృష్టం, కాకపోతే ఆ పిల్ల ఎవరికి చెప్పుకోవాలి? "కొట్టి నేర్పారు" అన్న మాటను నేను నవ్వుతో పాటు దాటెయ్యలేను.

బ్లూమ్స్‌బరీ_బాల

మా చిన్నప్పటి విగ్రహం వేరు, కానీ అదే కోవ. బ్రన్స్‌విక్ స్క్వేర్‌లో కెప్టెన్ థామస్ కోరమ్ కూర్చుని ఉంటాడు, ఫౌండ్లింగ్ మ్యూజియం బయట. ఈయన బర్నార్డో కంటే వందేళ్ళ పైచిలుకు ముందు మనిషి. ఓడల మీద బతికినవాడు. లండన్ వీధుల్లో చెత్తకుప్పల మీద వదిలేసిన పసికందుల్ని చూసి ఓర్చుకోలేక పదిహేడేళ్ళు పెద్దవాళ్ళ గుమ్మాల చుట్టూ తిరిగి 1739లో వాళ్ళ కోసం ఆశ్రమం పెట్టడానికి రాజుగారి అనుమతి పత్రం తెచ్చుకున్నాడు. 1741 మార్చి 25 రాత్రి మొదటి పసివాళ్ళను తీసుకున్నారు.

మ్యూజియం లోపల తల్లులు వదిలిన ఆనవాళ్ళు ఉంటాయి. బిడ్డను ఇచ్చేటప్పుడు ఏదో ఒక గుర్తు పెట్టేవాళ్ళు, ఎప్పుడైనా తిరిగి తీసుకోవడానికి వస్తే ఇదే నా బిడ్డ అని చెప్పుకోవడానికి. సగానికి విరిచిన నాణెం, గుండీ, గుడ్డముక్క. ఒక తల్లి దగ్గర ఏమీ లేక హేజెల్ నట్ పెంకు పెట్టింది. నేను ఆ అద్దం ముందు నిలబడి ఎంతసేపు ఉన్నానో గుర్తులేదు. వాణి గారి కాంకర్ చదవగానే అది గుర్తొచ్చింది.

బయట కంచె చువ్వ మీద చిన్న చేతి తొడుగు వేలాడుతుంది, పసిపిల్లది. ఎవరో పారేసుకుంటే దారినపోయేవాళ్ళు తగిలించారు అనుకుంటాం. ముట్టుకుంటే కంచు.

చలిపులి

ఆ పక్కనే కోరమ్స్ ఫీల్డ్స్ అనే పిల్లల పార్కు ఉంది కదా, వెంట పిల్లలు లేకపోతే పెద్దవాళ్ళను లోపలికి రానివ్వరు. మా బాబాయి లోపలికెళ్ళి చూడాలని మా చెల్లిని ఒక ఐస్‌క్రీమ్‌కి అద్దెకు తీసుకున్నాడు.

రెండో_షిఫ్ట్

చాలా ఏళ్ళుగా ఇక్కడ చర్చలు చదువుతాను, ఎప్పుడూ రాయలేదు. ఇది మాత్రం రాయకుండా ఉండలేకపోతున్నాను.

నేనూ మా ఆయనా ఫాస్టర్ పేరెంట్స్, అంటే సొంతింట్లో ఉండే వీలులేని పిల్లల్ని మా ఇంట్లో పెట్టుకుని చూసుకుంటాం. అన్నదమ్ములిద్దరు మా దగ్గర మూడేళ్ళు ఉన్నారు. వాళ్ళు వచ్చిన రాత్రి వాళ్ళ సామాన్లు రెండు నల్లటి చెత్త సంచుల్లో ఉన్నాయి. పంపింది ఏ ఊరి కౌన్సిల్ అన్నది అనవసరం, చాలాచోట్ల జరిగేదే. చిన్నవాడు ఆ సంచి విప్పనివ్వలేదు, తలకింద పెట్టుకుని పడుకున్నాడు. పొద్దున ఆ సంచి చూసి చెత్త అనుకుని మా ఆయన బయట పెట్టబోతే వాడు ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆరోజే వెళ్ళి రెండు సూట్‌కేసులు కొన్నాను, ఒకటి ఎరుపు, ఒకటి నీలం.

ఒంటారియో మావయ్య గారు ట్రంకు పెట్టె అనగానే నేను చదవడం ఆపేసి కాసేపు కూర్చుండిపోయాను. 1900ల్లో ఓడ ఎక్కించిన పిల్లకు కనీసం పెట్టె ఇచ్చారు.

కొందరు పిల్లల్ని ఊళ్ళలో కుటుంబాల దగ్గర పెట్టి డబ్బు ఇచ్చే పద్ధతి బర్నార్డో 1880లలోనే పెద్ద ఎత్తున మొదలుపెట్టాడు. ఇవాళ నేను చేస్తున్నది దాని మనవడు లాంటిదే. ఆ సంస్థ ఇప్పుడు అనాథాశ్రమాలు నడపడం లేదు, కుటుంబాలతో, ఫాస్టర్ ఇళ్ళతో పనిచేస్తుంది. నల్లపలక గారు చెప్పిన తల్లి గురించి కూడా నాకు తెలుసు. మా పిల్లల తల్లిని నెలకొకసారి కలిపించేదాన్ని. ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఆవిడకు ఎవరూ లేరు, అంతే. చిన్నవాడు ఆవిడ వెళ్ళిపోయాక కుర్చీ మీద ఆవిడ కూర్చున్న చోటే కూర్చునేవాడు.

నల్లపలక

రెండో షిఫ్ట్ గారూ, నేను తరగతిలో చెప్పేదానికి ఇన్నాళ్ళూ ఏదో లోటుగా ఉండేది. ఆ కుర్చీ సంగతి, మీకు అభ్యంతరం లేకపోతే, పేర్లు లేకుండా పిల్లలకు చెప్తాను.

రెండో_షిఫ్ట్

తప్పకుండా చెప్పండి.

గోరింట

నాది ఒక సందేహం. వాణి గారు మొదట అడిగిన ముగ్గురు పిల్లలు ఎవరన్నది తేలలేదు. ఊహతో చేసిన బొమ్మలా, నిజం పిల్లలా?

వాణి_బార్కింగ్‌సైడ్

పక్కింటావిడ అయితే నిజం పిల్లలే అనేది, ఆ గ్రామంలో పిల్లల్నే కూర్చోబెట్టి చేశారని. తను చేరేసరికి స్మారకం పెట్టి రెండు మూడేళ్ళయింది. పెద్ద పిల్లలు "అది ఫలానా అక్క" అని చూపించేవాళ్ళట. పేరు కూడా చెప్పింది మాకు. నాకు గుర్తులేదు. యాభై ఏళ్ళుగా కాంకర్ గుర్తుంది, పేరు గుర్తులేదు. అది తలుచుకుంటే కడుపులో తిప్పినట్టు ఉంటుంది.

తూర్పు_లండన్_శీను

నేను చదివినదాంట్లోనూ గ్రామంలో పిల్లలే అని ఉంది. పక్కింటావిడ మాట నిజమే.

ఇప్పుడు నాకు తడుతోంది, ఆ స్మారకంలో ఆయనది గుండ్రటి పలకలో ముఖం మాత్రమే. మనిషంత ఎత్తున కూర్చున్నది పిల్లలు. లండన్ నిండా గుర్రాల మీద జనరళ్ళు ఉన్నారు, దాతల విగ్రహాలంటే కోటు తొడుక్కున్న పెద్దమనుషులు. పని మనిషిగా పోవలసిన ఆశ్రమం పిల్ల కంచులో కూర్చోవడం మనకు ఎన్నిచోట్ల కనిపిస్తుంది?

నల్లపలక

ఈ ఒక్క మాట మీద శీను గారితో నాకు తగువు లేదు. విగ్రహం తియ్యాలని నేను ఎప్పుడూ అనలేదు, గమనించండి. కెనడా వెళ్ళిన పిల్లల సంగతి కూడా అక్కడ రాసి పెట్టాలి అంటాను. టొరంటోలో ఒక శ్మశానంలో గుర్తు రాయి కూడా లేకుండా పూడ్చిన 75 మంది ఆశ్రమం పిల్లల పేర్లు చెక్కి 2017లో ఒక రాయి పెట్టారు. అక్కడ పేర్లున్నాయి, ఇక్కడ ముఖాలున్నాయి.

వాణి_వాళ్ళన్న

ఈ చర్చ లింకు మా చెల్లి పంపితే చేరాను. కుడివైపు.

చలిపులి

వచ్చారండీ అసలు పార్టీ!

వాణి_వాళ్ళన్న

నవ్వండి, కానీ నాకు కళ్ళకు కట్టినట్టు ఉంది. ఇది కాంకర్ పెట్టడానికి వంగినప్పుడు నేను దీని ముందు టోపీ పట్టుకుని నిలబడేవాణ్ణి. ఆవిడ మా వెనక నిలబడి ఏమీ మాట్లాడేది కాదు. ఒక్కసారి మాత్రం ముందుకొచ్చి తన చేతి రుమాలుతో ఆ పిల్ల ముఖం తుడిచింది, వానకు మట్టి చారలు పడితే. ముక్కు పక్కన, చెవి వెనక, మా అమ్మ మాకు తుడిచినట్టే. అది కుడివైపు పిల్ల.

అమ్మ ఆల్బమ్‌లో 1979 ఫోటో ఒకటి ఉంది. వెతుకుతాను.

వాణి_బార్కింగ్‌సైడ్

అన్నయ్యా, ముఖం తుడిచిన సంగతి నువ్వు నాకు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదు.

వాణి_వాళ్ళన్న

నువ్వు అప్పుడు అక్కడే ఉన్నావనుకున్నాను.

ఒంటారియో_మావయ్య

అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ ఒకే వైపు పిల్ల గురించి చెప్తున్నారని ఎందుకు అనుకుంటున్నాం? ఆవిడ తుడిచింది ఒకరిని, నువ్వు కాంకర్ పెట్టింది ఇంకొకరికి అయివుండవచ్చు కదమ్మా.

సీతాఫలం

మావయ్య గారికి జడ్జి ఉద్యోగం ఇవ్వాలి.

వాణి_వాళ్ళన్న

ఫోటో దొరికింది. వెనకాల నాన్న చేతిరాతలో "అక్టోబరు 79" అని ఉంది. పనికిరాలేదు. వాణి ఎర్ర కోటు వేసుకుని సరిగ్గా మధ్యలో నిలబడింది, రెండు చేతులూ చాచి. మధ్య పిల్ల సగం కనిపిస్తోంది. రెండు వైపుల వాళ్ళూ దీని చేతుల వెనక ఉన్నారు. ఫోటో తీసింది పక్కింటావిడే అనుకుంటాను, కింద గడ్డి మీద టోపీ ఉన్న నీడ పడింది.

వాణి_బార్కింగ్‌సైడ్

ఆదివారం వెళ్ళి వచ్చాను. అమ్మాయిని రమ్మనలేదు, అదే షూ వేసుకుని గుమ్మం దగ్గర నిలబడింది.

చుట్టూ చాలా మారింది, కొత్త ఇళ్ళు వచ్చాయి. పచ్చిక ఉంది, పాత ఇళ్ళలో కొన్ని ఉన్నాయి. స్మారకం అలాగే ఉంది. నేను ముందు నిలబడితే వాళ్ళ ముఖాలు నా నడుం దగ్గర ఉన్నాయి, గడ్డి మీద మోకాళ్ళు ఆనించి చూశాను. అప్పుడు సరిగ్గా అదే ఎత్తు. మోకాలి మీద చెయ్యి వేశాను, అదే చలి.

అమ్మాయి చాలాసేపు ఏమీ అనలేదు. చుట్టూ ఒక చుట్టు తిరిగి రాసినవన్నీ చదివింది. కెనడా గురించి ఏమైనా ఉందా అని వెతికింది. తర్వాత వచ్చి, "వీళ్ళల్లో ఎవరైనా ఓడ ఎక్కారా?" అని అడిగింది. తెలియదన్నాను. చెట్ల కింద చూసి ఒక కాంకర్ తెచ్చింది, ఇంకా సగం పెంకులోనే ఉంది. గోటితో ఒలిచి స్వెటర్‌కి రుద్ది నున్నగా చేసి, "ఏ పిల్లకమ్మా?" అంది.

ఎడమవైపు పిల్లకు పెట్టమన్నాను. పెట్టింది. తర్వాత బ్యాగులోంచి నీళ్ళ సీసా తీసి టిష్యూ తడిపి కుడివైపు పిల్ల ముఖం తుడిచింది. చెవి వెనక కూడా.

వాణి_వాళ్ళన్న

మధ్య పిల్లకి?

వాణి_బార్కింగ్‌సైడ్

వచ్చే ఆదివారం నువ్వు రా.